థియాలజీ క్లాసుకు ఎన్ని మార్కులు వేయాలి?

బెంగళూరులో థియాలజీ, అంటే క్రైస్తవ దైవశాస్త్రం చదివే తెలుగువాళ్లు తక్కువేం కాదు. 1910 నుంచి నడుస్తున్న యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, అంటే అందరూ యూటీసీ అని పిలిచేది, మిల్లర్స్ రోడ్డులో ఉంది. హెణ్ణూరు దాటి వెళ్తే కొత్తనూరులో సాయాక్స్, హోసూరు రోడ్డులో కాథలిక్కుల ధర్మారామ్, మల్లేశ్వరంలో సెయింట్ పీటర్స్. డయాసిస్, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల మండలం, పంపితే వచ్చినవాళ్లు కొందరు, ఉద్యోగం మానేసి సొంత ఖర్చుతో వచ్చినవాళ్లు కొందరు. ఒక డిగ్రీ చేతిలో పెట్టుకుని బీడీలో (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చేరేవాళ్లు, బీడీ అయ్యాక ఎంటీహెచ్‌కు (మాస్టర్ ఆఫ్ థియాలజీ) వచ్చేవాళ్లు. లూథరన్ కుటుంబాల పిల్లలైతే చెన్నై కీల్పాక్‌లోని గురుకుల్‌కూ వెళ్తారు.

సెమిస్టరు చివర్లో విద్యార్థుల చేత కోర్సు మీద ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించడం ఇప్పుడు పీజీ చదువులన్నిట్లో మామూలైపోయింది. థియాలజీ దానికి మినహాయింపు కావాల్సిన పనేం లేదు. చదువు చెప్పినవాళ్లను చదువుకున్నవాళ్లు ప్రశ్నించగలగాలి. అది పాస్టర్లను తయారు చేసే సెమినరీలో మరీ అవసరం, ఎందుకంటే అక్కడ గురువు చాలాసార్లు అయ్యగారు, అంటే పాస్టరు కూడా. చిక్కంతా ఫారంతోనే. వేరే చదువుల కోసం తయారైన ఫారాన్ని తెచ్చి ఇక్కడ ఇస్తే అది అడగాల్సినవి అడగదు, అడిగేవాటికి జవాబు చెప్పే స్థితిలో విద్యార్థి ఉండడు.

ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో. పర్డ్యూ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రం చెప్పే హెర్మన్ రెమ్మర్స్ 1920లలో ఉపాధ్యాయులకు మార్కులు వేసే స్కేలు ఒకటి తయారు చేశారు. 1927 నాటికే అది వాడకంలోకి వచ్చింది. మన దగ్గర దీనికి ఊపు వచ్చింది కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ వల్ల. 1994లో ఏర్పడిన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం బెంగళూరు నాగరభావిలోనే ఉంది. 2017లో మార్చిన పద్ధతిలో స్టూడెంట్ సాటిస్‌ఫాక్షన్ సర్వే కూడా చేరింది. అందులో మొదటి ప్రశ్న, సిలబస్ ఎంత శాతం పూర్తయింది అని. 85 నుంచి 100 దాకా అయితే ఒక గడి, 70 నుంచి 84 అయితే ఇంకో గడి, ఇలా.

బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ డిగ్రీలు ఇచ్చే సెమినరీల మంచిచెడ్డలు చూసుకునేది ఆ కాలేజీ సెనేటే. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు పెట్టిన కాలేజీ అది. 1827లో డెన్మార్క్ రాజు చార్టర్ ఇచ్చాడు, 1918లో బెంగాల్ శాసనసభ చట్టం చేసింది. కాథలిక్కుల పాంటిఫికల్ (పోప్ అధికారం కింద నడిచే) విద్యాసంస్థలకైతే 2007లో పోప్ బెనెడిక్ట్ 16 ఏర్పాటు చేసిన అవెప్రో అనే నాణ్యతా సంస్థ ఉంది. ఏ దారిన వచ్చినా ఫారం వాలకం మాత్రం ఒకటే: ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు, కింద రెండు ఖాళీ గీతలు.

ఆ అంకెల మీద నమ్మకం ఎంత పెట్టుకోవచ్చో తేల్చడానికి చాలా పరిశోధనలు జరిగాయి. సెమినరీవాళ్లు ముందుగా గుర్తుంచుకోవాల్సింది 1970 నాటి ఒక ప్రయోగం. వైద్య విద్య గురించిన ఒక శిక్షణ సదస్సులో ‘డాక్టర్ మైరన్ ఫాక్స్’ అనే పెద్దమనిషి ఉపన్యాసం ఇచ్చాడు. విషయం గణితంలోని గేమ్ థియరీ, వైద్యుల చదువుకు దాని ఉపయోగం. నిజానికి ఆయన డాక్టరూ కాదు, గణితం తెలిసినవాడూ కాదు, నటుడు. ఒకదానికొకటి పొసగని మాటలు, అర్థం లేని కొత్త పదాలు, మధ్యమధ్యలో జోకులు, అన్నీ ధీమాగా చెప్పేశాడు. విన్నవాళ్లంతా చదువు చెప్పే వృత్తిలోవాళ్లే. వాళ్లు మంచి మార్కులు వేశారు. ఆ ప్రయోగం ఫలితాలు 1973లో అచ్చయ్యాయి.

తెలుగు క్రైస్తవ లోకంలో దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. మూడు రోజుల కూటములు, ఎత్తైన స్టేజీ, మైకులో గొంతు పెంచి తగ్గించే ప్రసంగీకుడు, ‘ఆమేన్’ అని అందుకునే జనం. ఆ వాతావరణంలో పెరిగిన పిల్లలకు మంచి వక్తకూ మంచి గురువుకూ తేడా కనిపించడానికి కొంత కాలం పడుతుంది. సెమినరీలో చేరిన ఏడాది రెండేళ్లలో ఆ తేడా తెలియకపోతే వాళ్ల తప్పు కాదు. కానీ అదే కాలంలో వాళ్ల చేతికి ఫారం ఇచ్చి ‘టీచరు ఎంత ఆసక్తికరంగా చెప్పారు’ అని అడిగితే వచ్చే జవాబు దేన్ని కొలుస్తున్నట్టు? నోట్సు చూసి నెమ్మదిగా చదివినా, ప్రతి పేపర్‌నూ వాక్యం వాక్యం దిద్ది ఇచ్చే గురువుకు ఇక్కడ నష్టం ఖాయం.

అమెరికా ఎయిర్ ఫోర్స్ అకాడమీలో పది వేల మందికి పైగా విద్యార్థుల రికార్డులు చూసి 2010లో ప్రచురించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకెళ్లింది. మొదటి గణితం కోర్సులో విద్యార్థులు ఎక్కువ మార్కులు వేసిన గురువుల దగ్గర చదివినవాళ్లు, తర్వాతి కోర్సుల్లో సగటున వెనకబడ్డారు. 2017లో కెనడా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, విద్యార్థులు ఇచ్చే రేటింగుకూ వాళ్లు నేర్చుకున్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. మరుసటి ఏడాది టొరంటోలోని అప్పటి రయర్సన్ యూనివర్సిటీ వివాదంలో మధ్యవర్తి ఇచ్చిన తీర్పు, ప్రమోషన్ల కోసం బోధనా సామర్థ్యాన్ని తేల్చడానికి ఈ రేటింగులు వాడొద్దని చెప్పింది.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. 2015లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఆన్‌లైన్ కోర్సు చెప్పే ఇద్దరు, ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒక సెక్షన్‌కు సొంత పేరుతో, ఇంకో సెక్షన్‌కు అవతలివాళ్ల పేరుతో చెప్పారు. దిద్దిన పేపర్లు అందరికీ ఒకే సమయానికి తిరిగిచ్చారు. అయినా ‘సకాలంలో ఇచ్చారా’ అన్న ప్రశ్నకు మగ పేరున్నచోట 4.35, ఆడ పేరున్నచోట 3.55 పడ్డాయి. అక్కడ అభిప్రాయానికి చోటు లేదు, తేదీ చూసి చెప్పాల్సిన విషయమే. అందులోనే ఇంత తేడా ఉంటే ‘ఆధ్యాత్మిక ఆదర్శంగా ఉన్నారా’ లాంటి ప్రశ్నకు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ చర్చి) తొలి మహిళా బిషప్ 2013లో నంద్యాల డయాసిస్‌లోనే, అంటే తెలుగు నేల మీదే అభిషేకం పొందారు. ఆ సంగతి గర్వంగా చెప్పుకునే సంఘాల నుంచి వచ్చిన కుర్రాళ్లే ‘అమ్మగారు’ అనే పిలుపు పాస్టరుగారి భార్యకే అలవాటుపడి, మేడమ్ చెప్పే క్రిస్టాలజీని, అంటే క్రీస్తు ఎవరన్న పాఠాన్ని, సగం చెవితో వింటారు. కులం ఊసు ఫారంలో ఎక్కడా ఉండదు. సార్‌ది ఏ ఊరు, ఏ సంఘం అని మొదటి వారంలోనే కనుక్కునే క్లాసులో అది లేదని మాత్రం అనలేం.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇంజినీరింగ్ కాలేజీలో 60 మంది ఉన్న సెక్షన్‌లో 59 మంది ఐదు మార్కులు వేసి, ఒకరు కోపంతో ఒకటి వేస్తే సగటు 4.93. ఎంటీహెచ్‌లో ఒక విభాగంలో ఆరుగురుంటే, ఐదుగురు ఐదేసి వేసి ఒకరు ఒకటి వేస్తే సగటు 4.33కి పడిపోతుంది. అదే కోపం, అదే ఒక్క మనిషి. ఆ రెండు అంకెలనీ పక్కపక్కన పెట్టి ‘ఈ కోర్సు ఇంకా మెరుగుపడాలి’ అని రిపోర్టులో రాయడం గణితానికే అన్యాయం. ఇంత చిన్న క్లాసుల్లో సగటు తీయడమే మానేయాలి. ఆరు ఫారాలు చదవడానికి పావుగంట చాలు.

చిన్న క్లాసుతో ఇంకో ఇబ్బంది, అసలు ఇబ్బంది, పేరు దాగకపోవడం. ‘పేరు రాయనక్కర్లేదు’ అని ఫారం పైన అచ్చేస్తారు. ఆరుగురిలో ఒకరు మిజో, ఒకరు నాగా, ఇద్దరు మలయాళీలు, ఒక తమిళ అమ్మాయి, ఒక తెలుగబ్బాయి అయితే పేరెందుకు? ఎవరి ఇంగ్లీషు ఎలా ఉంటుందో సెమిస్టరంతా పేపర్లు దిద్దిన సార్‌కు తెలియదా? రిజర్వు షెల్ఫులో ఫలానా పుస్తకం ఒకే కాపీ ఉందని రాస్తే చాలు, ఆ పుస్తకం మీద సెమినార్ పేపర్ ఇచ్చింది ఒక్కరే కాబట్టి రాసిందెవరో తేలిపోతుంది. గూగుల్ ఫారం పెట్టినా అంతే, చేతిరాత దాగుతుంది, మాట దాగదు.

దొరికిపోతే ఏమవుతుంది? బయట కాలేజీలో అయితే పెద్దగా ఏమీ కాదు, మహా అయితే ఇంటర్నల్స్‌లో రెండు మార్కులు. సెమినరీ సంగతి అలా కాదు. ఉదయం క్లాసులో చెప్పిన సారే సాయంత్రం చాపెల్‌లో బల్ల దగ్గర రొట్టె విరుస్తారు. థీసిస్ గైడు ఆయనే కావచ్చు. డాక్టరేటుకు, అంటే డీటీహెచ్‌కు వెళ్లాలంటే ఉత్తరం రాయాల్సింది ఆయనే. డయాసిస్ స్పాన్సర్ చేసిన అభ్యర్థి అయితే అతని నడవడి గురించి సంఘానికి మాట వెళ్తుంది. బిషప్‌గారూ ఆ సారూ ఒకప్పుడు ఇదే కాలేజీలో రూమ్మేట్స్ అయి ఉండొచ్చు కూడా. రేపు ఆర్డినేషన్ (పాస్టరుగా అభిషేకం) అక్కడ, పోస్టింగ్ అక్కడ. ఇంత టెన్షన్ పెట్టుకుని ‘పాఠం ప్రిపేరవ్వకుండా వచ్చారు’ అని ఎవరు రాస్తారు?

రాయరు కాబట్టే ఖాళీ గీతల మీద ఇంకో రకం రాత కనిపిస్తుంది. ‘క్లాసు ఎంతో ఆశీర్వాదకరంగా ఉంది. సార్‌ను దేవుడు బహుగా వాడుకోవాలని ప్రార్థిస్తున్నాం.’ ఇది అబద్ధం కాదు, మొహమాటం మాత్రమే కూడా కాదు. ఆదివారం సాక్ష్యం చెప్పడానికి నిలబడితే నోట వచ్చే మాటే అది. ఆ భాషలో కృతజ్ఞతకు వంద మాటలున్నాయి, ఫిర్యాదుకు ఒక్కటీ లేదు. సేవకుడి మీద మాట్లాడకూడదన్నది చిన్నప్పటి నుంచి నేర్పిన సంగతి. కష్టపడి తప్పు పట్టినా అది ‘సార్ కొంచెం నెమ్మదిగా చెబితే ఇంకా ఆశీర్వాదకరంగా ఉంటుంది’ అనే రూపంలోనే వస్తుంది. అర్థం తెలిసి చదివేవాళ్లకు అందులో తీవ్రమైన ఫిర్యాదు ఉంది. అంకెలు కూడేవాళ్లకు అది ఐదుకు నాలుగు.

మరోవైపు, తక్కువ మార్కులు పడ్డచోట కూడా జాగ్రత్తగానే చదవాలి. మార్కు సువార్త 16వ అధ్యాయం ఉదాహరణ చూడండి. నమ్మినవాళ్లు రోగుల మీద చేతులుంచితే స్వస్థత కలుగుతుందని, పాములను ఎత్తి పట్టుకుంటారని చెప్పే వచనాలు దాని చివర్లో ఉన్నాయి. సినాయ్, వాటికన్ ప్రతులని పిలిచే 4వ శతాబ్దపు రాతప్రతుల్లో 9వ వచనం నుంచి ఆ భాగమే లేదు. న్యూ టెస్టమెంట్ చెప్పే ఏ గురువైనా ఈ సంగతి చెప్పక తప్పదు. ఊళ్లో నాన్న స్వస్థత కూటాలు నడిపే కుర్రాడికి, ఆ వచనం పట్టుకునే తాను సేవకు వచ్చానని నమ్మే అమ్మాయికి, ఆ గంట ఎలా గడుస్తుందో ఆలోచించండి. రాత్రి హాస్టల్లో నిద్ర పట్టదు. ఇంటికి ఫోన్ చేస్తే ‘అక్కడ విశ్వాసం పోగొడుతున్నారా’ అని అడుగుతారు. సరిగ్గా రెండు వారాల తర్వాత ఫారం వస్తుంది: ‘ఈ కోర్సు మీ విశ్వాసాన్ని బలపరిచిందా?’

అప్పుడు పడే రెండు మార్కులు ఆ గురువు వైఫల్యమా? దుక్కి దున్నిన రోజే దిగుబడి లెక్కేసినట్టు అది. ఆ విద్యార్థే మూడేళ్ల తర్వాత సంఘంలో, ప్రార్థన చేసినా బిడ్డ దక్కని తల్లి పక్కన కూర్చోవాల్సి వస్తుంది. ‘నీ విశ్వాసం చాల్లేదమ్మా’ అనకుండా ఉండగలిగాడంటే ఆ గంట పాఠం అప్పుడు పనికొచ్చినట్టు. దాన్ని నమోదు చేసే గడి ఏ ఫారంలోనూ ఉండదు.

చరిత్రలో వెతికినా ఇలాంటిదే దొరుకుతుంది. 1981లో దైవశాస్త్రవేత్త అరవింద్ నిర్మల్ ఇదే బెంగళూరు యూటీసీలో విద్యార్థుల ముందు మాట్లాడుతూ, బ్రాహ్మణ తత్త్వం చుట్టూ తిరిగిన భారతీయ క్రైస్తవ దైవశాస్త్రం వదిలి, అణగారినవాళ్ల అనుభవం నుంచి శూద్ర దైవశాస్త్రం రావాలన్నారు. దళిత థియాలజీ మొదలు అక్కడే అని ఇప్పుడు చాలామంది చెబుతారు. తర్వాత ఆయన చెన్నై గురుకుల్‌లో దళిత థియాలజీ విభాగానికి నాయకత్వం వహించారు. ఆ రోజు హాలు బయట ఫారాలు పెట్టి ‘ప్రసంగం మీ అంచనాలకు తగ్గట్టు ఉందా’ అని అడిగి ఉంటే, వచ్చిన అంకె ఏదైనా, దాని వల్ల తెలిసేది శూన్యం.

అయితే ఈ వాదనను చేతికిస్తే దాని వెనక దాక్కునే గురువులూ ఉన్నారు. ‘నేను విశ్వాసాన్ని కుదిపే ప్రశ్నలు వేస్తాను, అందుకే పిల్లలకు నచ్చను’ అనేవాళ్లలో పదిహేనేళ్ల నాటి నోట్సు పసుపు పచ్చబడినా మార్చనివాళ్లు ఉంటారు. పేపర్లు సెమిస్టరు అయ్యాక కూడా తిరిగివ్వనివాళ్లు, ఎదురు ప్రశ్న వేస్తే ‘ముందు ప్రార్థన చేసుకో’ అనేవాళ్లు ఉంటారు. అశాంతి పుట్టించడం వేరు, అశ్రద్ధ వేరు. ఆ రెంటినీ విడదీయలేకపోవడమే ఇప్పటి ఫారాల అసలు లోపం. పాఠం ఇబ్బంది పెట్టిందా అన్నది కాదు అడగాల్సింది. ఇబ్బంది పడ్డప్పుడు ఆ సార్ గది తలుపు తట్టగలిగారా అని అడగాలి.

సిలబస్ చిక్కు కొంత ఉంది. సెరంపూర్ అనుబంధ కాలేజీల్లో కోర్సుల చట్రం సెనేట్ నుంచి వస్తుంది, చాలాచోట్ల ప్రశ్నపత్రమూ అక్కడి నుంచే. విద్యార్థికి కోర్సు పాతబడినట్టు అనిపిస్తే మార్కు పడేది మాత్రం ఎదురుగా కనిపించే సార్‌కే. కోర్సు మీద, గురువు మీద వేరువేరుగా అడిగితే ఇది సర్దుకుంటుంది.

తెలుగు విద్యార్థుల విషయంలో అంతకన్నా లోతైనది భాష. బెంగళూరులో క్లాసంతా ఇంగ్లీషులో. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి వచ్చిన పిల్లలు మొదటి ఏడాదంతా నిఘంటువుతోనే కుస్తీ పడతారు. ‘టీచరు స్పష్టంగా చెప్పారా’ అన్న ప్రశ్నకు అలాంటివాళ్లు మూడు వేస్తే అది టీచరు స్పష్టతకా, తమ ఇంగ్లీషుకా? వాళ్లకే తెలియదు. పైగా ఆ తప్పు తమదేనని అనుకుని, మూడు వేయాల్సినచోట ఐదు వేసేవాళ్లే ఎక్కువ. క్లాసులో నోరు విప్పని విద్యార్థి ఫారంలో నోరు విప్పుతాడనుకోవడం అమాయకత్వం.

ఆ తర్వాత బోధించాల్సింది తెలుగులో. 451లో కల్కెదోను సభ క్రీస్తు దైవత్వం, మానవత్వం గురించి తేల్చిన సూత్రాన్ని ఇంగ్లీషులో పది పేజీల పేపర్ రాసి ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్న మనిషి, పాలకొల్లు దగ్గర ఊళ్లో ముందు వరసలో కూర్చున్న ముసలమ్మకు క్రిస్మస్ రోజున అదే సంగతి చెప్పగలగాలి. చెప్పలేకపోతే క్లాసులో ఎక్కడో లోటు ఉంది. ‘ఈ కోర్సులో నేర్చుకున్న ఒక్క విషయాన్ని మీ ఇంటి భాషలో ఐదు వాక్యాల్లో రాయండి’ అని ఫారంలో అడిగితే, అన్ని అంకెల కన్నా అదే ఎక్కువ చెబుతుంది. సార్‌కు తెలుగు రాకపోతే ఏం? బెంగళూరులో చదివిపెట్టగల తెలుగు పాస్టర్లకు కరువా? తమిళం, మలయాళం, మిజోలకూ అంతే.

ఏం అడగొచ్చో ఇప్పుడు తేలికగానే తెలుస్తుంది. విద్యార్థి కళ్లారా చూసినవి అడగాలి. క్లాసు సమయానికి మొదలైందా, చదవమన్న పుస్తకాలు లైబ్రరీలో దొరికాయా, పేపర్ మీద మార్కుతో పాటు మాట కూడా రాసిచ్చారా, ఒప్పుకోని అభిప్రాయం చెప్పినవాళ్లను ఎలా చూశారు. ‘మొత్తం మీద టీచరు ఎలా ఉన్నారు’ అన్న ప్రశ్న తీసేయాలి. సిలబస్ శాతం కూడా అనవసరమే. కృప గురించిన పాఠం 84 శాతం పూర్తయిందని రాసుకోవడం కొంచెం నవ్వు తెప్పించే పని.

అడిగే వేళ కూడా మారాలి. చివరి వారంలో అడిగితే లాభపడేది వచ్చే ఏడాది బ్యాచి, నింపినవాళ్లు కాదు. ఆరో వారంలో, ఆ విభాగంతో సంబంధం లేని ఒక లెక్చరర్ వచ్చి, సార్ లేకుండా విద్యార్థులతో అరగంట మాట్లాడి, అందరూ ఒప్పుకున్న రెండు మూడు సంగతులే రాసుకుని సార్‌కు చెబితే పేరు దాగలేదన్న భయం చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే ఆ మాట ఎవరిదీ కాదు, క్లాసుది. మరుసటి క్లాసులో సార్ ఏది మారుస్తారో, ఏది ఎందుకు మార్చరో చెప్పాలి. ఈ రెండో సగం జరగకపోతే విద్యార్థులు ఇంకోసారి నోరు తెరవరు.

మూడేళ్ల తర్వాతి సంగతి డయాసిస్‌ల చేతిలో ఉంది. పాస్టర్లందరినీ ఒకచోట చేర్చే రిట్రీట్లు ఎలాగూ జరుగుతాయి. అక్కడ సెమినరీ తరఫున ఒకరు వెళ్లి, బెంగళూరులో చదివినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, తెలుగులోనే రెండు ప్రశ్నలు అడగొచ్చు: అక్కడ నేర్చుకున్నవాటిలో సంఘంలో పనికొచ్చింది ఏది, ఎవరూ నేర్పకపోతే ఇక్కడికొచ్చి కష్టపడి నేర్చుకుంది ఏది? రెండో ప్రశ్నకు సమాధులు, పెళ్లి గొడవలు, చర్చి స్థలాల కోర్టు కేసులు, లెక్కల పుస్తకాలు బయటికొస్తాయి. అవన్నీ సిలబస్‌లో పెట్టమని కాదు. కానీ పాస్టర్ చెప్పే ఆ జాబితా ప్రిన్సిపాల్ బల్ల మీద, ఆ ఏడాది సగటు అంకెల పక్కన ఉండాలి. రిట్రీట్‌కు వెళ్లే ఆ మనిషి టికెట్ ఖర్చు డయాసిస్ పెట్టుకోవాలా, కాలేజీ పెట్టుకోవాలా అన్నది తేలితే మొదలుపెట్టడానికి ఇంకేం అక్కర్లేదు.